ఇంట్లో కుట్టిన పడవ కవరు: మైనపు కాన్వాసు గుడ్డతో రెండు వర్షాకాలాల అనుభవం

కోనసీమలో వైనతేయ పాయ పక్కన మాకు కొద్దిగా లంక భూమి ఉంది. అరటి, కూరగాయలు పండే ఆ చేలకు పడవ తప్ప వేరే దారి లేదు కనుక, మా వారు, మా మరిది కలిసి 18 అడుగుల ఫైబర్ పడవ ఒకటి కొన్నారు. పని లేని రోజుల్లో అది రేవులోనే కట్టి ఉంటుంది. రెండు వేసవులు గడిచేసరికి ఎండకు పైపూత వెలిసి, చెయ్యి పెడితే సుద్దపొడిలా అంటుకోసాగింది. ఆ తరువాత ఒక రాత్రి కురిసిన వానకు పడవలో నీళ్లు నిండి, తెల్లవారేసరికి వెనుక భాగం ఏటిలోకి దిగిపోయి కనిపించింది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు చేరతాయి. మా పడవ పైభాగం సుమారు 7 చదరపు మీటర్లు ఉంటుంది కాబట్టి, తుపాను రోజున 10 సెంటీమీటర్ల వాన కురిస్తే అందులో 700 లీటర్లు నిలుస్తాయి. చెంబుతో తోడి పారబోసే నీళ్లు కావవి.

మొదట అందరిలాగే ధాన్యం మీద కప్పే ప్లాస్టిక్ బరకం తెచ్చి, పడవ ఆకారానికి కత్తిరించి, మిషను మీద కుట్టాను. అది ఒక్క వర్షాకాలం కూడా నిలవలేదు. ఆ బరకం సన్నని ప్లాస్టిక్ పట్టీలను నేసి పైన పొర అతికించిన సరుకు. సూది గుచ్చిన ప్రతి చోటా ఆ పట్టీ తెగుతుంది, పడ్డ బెజ్జం మళ్లీ పూడదు. గాలికి గుడ్డ లాగినప్పుడల్లా బెజ్జాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, స్టాంపుల కాగితం చిరిగినట్టు కుట్టు వెంబడే నిలువునా చిరిగిపోయింది. బరకాన్ని కత్తిరించకుండా, కుట్టకుండా, అంచుల రింగులకు తాళ్లు కట్టి కప్పుకుంటే బాగానే పనిచేస్తుంది. కుట్టడానికి మాత్రం అది తగిన వస్తువు కాదని అప్పుడు తెలిసింది.

అందుకే రెండోసారి, పూర్వం లారీల మీద కప్పిన రకం నూలు కాన్వాసు, మైనం పట్టించినది, కొన్నాను. ఈ సమీక్ష ఆ గుడ్డ గురించి. పచ్చరంగు, 36 అంగుళాల పన్నా, చదరపు మీటరుకు సుమారు 450 గ్రాముల బరువు. నేను కొన్నప్పుడు మీటరు 220 రూపాయలు. 22 మీటర్లు పట్టింది. దారం, తాడు, ఇత్తడి రింగులతో కలిపి మొత్తం ఖర్చు 5,500 రూపాయల దగ్గర తేలింది. గుడ్డను మడిచి గోటితో గీస్తే ఆ మడత మీద తెల్లటి గీత పడుతుంది. అరచేత్తో రుద్దితే మైనం వేడెక్కి ఆ గీత మాయమవుతుంది. మైనం నేతలోకి దిగిందా, పైపైన పూసి వదిలేశారా అన్నది ఈ ఒక్క పరీక్షతో కొట్టులోనే తెలుస్తుంది. పైపూత మాత్రమే అయితే మడత దగ్గర పొట్టు పొట్టుగా రాలుతుంది.

ఈ గుడ్డలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం తడిసినప్పుడు కనిపించేదే. నూలు పోగు నీటికి ఉబ్బుతుంది కాబట్టి, సూది చేసిన బెజ్జం దారం చుట్టూ బిగుసుకుని దానంతట అదే మూసుకుపోతుంది. మొదటి వానకు కుట్టు వెంట రెండు మూడు చోట్ల చెమర్చిన తడి, పది నిమిషాల తరువాత ఆగిపోయింది. ఎన్నేళ్లుగానో కుట్టుపని చేస్తున్న నాకు, గుడ్డ తనకు పడిన బెజ్జాన్ని తానే పూడ్చుకోవడం చూస్తే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కొలతల విషయంలో తొందరపడకూడదు. పాత పాలిథిన్ కాగితాన్ని పడవ మీద పరిచి, అంచు వెంట స్కెచ్ పెన్నుతో గీసి, ఆ నమూనాను వాకిట్లో పరిచి కత్తిరించాను. ముక్కలను పడవ పొడవునా కాకుండా అడ్డంగా వేయాలన్నది నా గట్టి అభిప్రాయం. అలా వేస్తే ప్రతి అతుకూ నడిమి నుంచి పక్కకు వాలు వెంబడి దిగుతుంది. నీరు అతుకు వెంట జారిపోతుందే తప్ప దానికి అడ్డుపడి నిలవదు. పైగా ముందు భాగం సన్నబడే చోట ముక్కలు పొట్టివైతే సరిపోతుంది కనుక గుడ్డ కూడా ఆదా అవుతుంది. పొడవులో ఆరు అంగుళాలు వదులుగా ఉంచాను. మొదటి వర్షాకాలంలో నాలుగు అంగుళాలు కుంచించుకుపోయింది కనుక, ఆ వదులు ఉంచకపోతే కవరు రెండో ఏడు పడవకు ఎక్కేదే కాదు.

కుట్టింది మా ఇంట్లోని పాత నల్ల ఉషా మిషను మీదే. 18వ నంబరు సూది వేసి, కుట్టు పొడవును చివరి దాకా పెంచి, అంగుళానికి ఆరు కుట్లు పడేలా చూసుకున్నాను. అతుకులన్నీ ఒక అంచును రెండోదానిలోకి మడిచి రెండు వరుసలు వేసే మడత కుట్టుతోనే వేశాను. అలా నాలుగు పొరలు కలిసిన చోట మిషను మొండికేస్తుంది. అక్కడ అతుకును పీట మీద పెట్టి పచ్చడి బండతో కొట్టి అణచి, తొక్కుడు ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టే వేయాలి. ఇక మూలల్లో, తాడు పట్టీ అతుకు మీదుగా వెళ్లే చోట మిషను జోలికే పోకుండా దబ్బనంతో చేతికుట్టు వేశాను. గుండుసూదులు గుచ్చితే అనవసరపు బెజ్జాలు పడతాయని, ముక్కలు కదలకుండా బట్టలారేసే క్లిప్పులు పెట్టాను. పని అయ్యాక మిషను పాదానికీ, పళ్లకూ పట్టిన మైనాన్ని కిరోసిన్‌తో తుడవడానికి ఒక పూట పట్టింది.

దారం దగ్గర మాత్రం మోసపోయాను. మొదట కొన్న రీలు గురించి కొట్టతను, "పాలిస్టరేనండి అమ్మా, పదేళ్లకైనా చెక్కు చెదరదండి" అని నమ్మబలికాడు. వర్షాకాలం దాటి సంక్రాంతి వచ్చేసరికి ఆ దారం గోటితో లాగితే తెగిపోసాగింది. మిగిలిన రీలులోంచి జానెడు దారం తీసి నిప్పు అంటిస్తే, కరిగి గట్టి ముద్ద కట్టవలసినది కాస్తా కాగితంలా కాలి బూడిదైంది. అది వట్టి నూలు దారం. అన్ని అతుకులూ విప్పి, చెప్పులూ బ్యాగులూ కుట్టేవారు వాడే మందపాటి పాలిస్టర్ దారంతో మళ్లీ కుట్టాను. నూలు దారం తడికి కుళ్లుతుంది, నైలాన్ దారం ఎండకు పాలిస్టర్ కంటే త్వరగా బలహీనపడుతుంది. గుడ్డకు వేలు పోసి దారం దగ్గర వంద రూపాయలు మిగుల్చుకోవాలని ఎవరూ చూడవద్దు. కొనే ముందు ఒక పోగును కాల్చి చూడండి.

కవరు కింద నడిమధ్యన పడవ పొడవునా ఒక వెదురు బొంగును ఇంటి దూలంలా ఎత్తున కట్టి, గుడ్డ రెండు పక్కలకూ వాలేలా చేశాం. అది లేకపోతే ఎంత మంచి గుడ్డ అయినా నడుమ గుంట పడి, అందులో నీరు నిలిచి, ఆ బరువుకు అతుకులు విచ్చుతాయి. అంచు చుట్టూ పావడా నాడాలాగా పట్టీలో నైలాన్ తాడు దూర్చి, వెనుక వైపు జారుముడి వేసేలా పెట్టాను. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే మా వాళ్లు పడవను గట్టుకు లాగి కొబ్బరిచెట్టుకు కట్టాలి. ఆ హడావుడిలో ఒక్క లాగుతో విడిపోయే ముడి ఉండటం చాలా ముఖ్యం. ముందూ వెనుకా గాలి ఆడేందుకు బెత్తెడు సందు వదిలాను.

రెండు వర్షాకాలాలు గడిచాక చూస్తే, పడవ లోపల నీరు నిలిచింది లేదు, పైపూత మరింత వెలిసింది లేదు. ప్లాస్టిక్ బరకం కింద పొద్దున్నే కనిపించే చెమట బొట్లు దీని కింద చాలా తక్కువ. కానీ లోపాలు లేకపోలేదు. పొడిగా ఉన్నప్పుడే సుమారు 9 కిలోలు తూగుతుంది. తడిసిందంటే ఒక్కరు ఎత్తలేరు. "వదినా, దీన్ని మోయడానికి ఇంకో మనిషిని పెట్టాలి" అని మా మరిది అన్నది నిజమే. ఏప్రిల్ ఎండకు మైనం మెత్తబడి చేతులకూ బట్టలకూ అంటుకుంటుంది, వాసన వస్తుంది. తడిగా మడిచి మూల పడేస్తే నాలుగు రోజుల్లో బూజు పట్టి నల్లటి మచ్చలు తేలతాయి, అవి ఎంత ఉతికినా పోవు. తెడ్డు కొనలు, మోటారు బిగించే చట్రం తగిలే చోట గుడ్డ అరిగింది. అక్కడ రెండో పొర ముందే వేసి ఉండాల్సింది.

టెక్సాస్‌లో ఉంటున్న మా తమ్ముడు తన పడవకు సన్‌బ్రెల్లా అనే ఆక్రిలిక్ గుడ్డ వాడతాడు. దానిలో పోగు తయారయ్యేటప్పుడే రంగు కలుపుతారు కనుక ఎండకు అంత సులభంగా వెలవదు, తేలికగా ఉంటుంది, గాలి ఆడుతుంది. కుట్టడానికి కూడా మైనపు కాన్వాసు కంటే హాయిగా ఉంటుందని ఒక ముక్క కుట్టి చూశాక చెబుతున్నాను. అయితే ఇక్కడికి తెప్పించుకోవడం మాబోటి వాళ్లకు చాలా ఖరీదు. మా జిల్లాలో మీటరు లెక్కన దొరికే సరుకులో, ఇంటి మిషను మీద కుట్టగలిగినదీ, చిరిగితే మళ్లీ అతుకు వేసుకోగలిగినదీ నాకు తెలిసి ఈ కాన్వాసు ఒక్కటే. ఎత్తడానికి ఇద్దరు మనుషులు, ఆరబెట్టడానికి ఒక దండెం ఉన్న ఇంటివారికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఒక్కరే పడవ చూసుకునేవారు, రోజూ కప్పి రోజూ తీసేవారు మాత్రం కత్తిరించని బరకంతోనే సరిపెట్టుకోవడం మంచిది.

అరిగిన చోట్ల వేయడానికి అదే కొట్టులో మరో రెండు మీటర్లు తెచ్చాను. రేటు మీటరుకు 20 రూపాయలు పెరిగింది, సరుకు మాత్రం అదే. మడిచి గోటితో గీసి చూసే కొన్నాను.