1841 మొహరా, 1918 పదిహేను రూపాయలా?

బ్రిటిష్ ఇండియా బంగారు నాణెం ఒక్కటే కొనాలి, అదీ మంచి గ్రేడులో (అంటే అరగకుండా, పాడవకుండా) ఉండాలి అనుకునేవాళ్లకు ఈ రెండింటి దగ్గరే ఎటూ తేలదు. ఒకటి విక్టోరియా బొమ్మతో ఈస్టిండియా కంపెనీ వేసిన 1841 మొహర్. రెండోది ఐదో జార్జి బొమ్మతో బొంబాయిలో వేసిన 1918 పదిహేను రూపాయల నాణెం. రెండూ 22 క్యారెట్లే. మొహర్ సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. పదిహేను రూపాయలది దాదాపు 8 గ్రాములు, ఇంగ్లండు ఒక పౌను బంగారు నాణెం సవరన్ బరువే.

ఆ బరువు వెనక కారణం ఉంది. అప్పట్లో సవరన్‌కు పదిహేను రూపాయల లెక్క. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో బొంబాయిలోనే సవరన్లు కొట్టాలనుకున్నారు. లండన్ నుంచి అచ్చులు వచ్చేలోగా కొట్టినవే ఇవి. ఆ ఒక్క ఏడాదితోనే సరి. తర్వాత వచ్చిన బొంబాయి సవరన్లు (తేదీ పైన చిన్న ‘ఐ’ గుర్తుతో) మంచి గ్రేడులో సులువుగానే దొరుకుతాయి కాబట్టి వాటిని ఈ పోటీలోకి తేవడం లేదు.

చూడ్డానికి మాత్రం మొహర్‌కు సాటి లేదు. బొరుసు వైపు తాటిచెట్టు ముందు సింహం, విలువ ఇంగ్లీషులోనూ పర్షియన్‌లోనూ. పదిహేను రూపాయల బొరుసు దాని పక్కన చప్పగా ఉంటుంది.

అసలు తేడా పైపొర దగ్గర వస్తుంది. మన దగ్గర బంగారు నాణెం జేబులో తిరిగి అరిగింది తక్కువ, కాసులపేరులోకి, లాకెట్‌లోకి ఎక్కి పాడైంది ఎక్కువ. కొక్కెం తీసేశాక కంసాలి మెరుగు పెడితే దూరం నుంచి కొత్తదిలాగే కనిపిస్తుంది. ఒకే బల్బు కింద నాణేన్ని మెల్లగా తిప్పి చూడండి. ముట్టని నాణెం మీద మెరుపు చక్రంలా తిరుగుతుంది. తుడిచినదాని మీద సన్నని గీతలు ఒకే దిక్కుగా కనిపిస్తాయి, మెరుపు కదలదు. తర్వాత తల పైభాగంలో అంచు చూడండి. అక్కడ గీతలు చదునైపోయినా, రంగు కాస్త వేరుగా ఉన్నా అది టంకం పెట్టిన చోటే. అలాంటిదానికి గ్రేడింగ్ కంపెనీలు (నాణేన్ని పరీక్షించి స్థితిని బట్టి 70 దాకా అంకె ఇచ్చేవి) అంకె ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అని రాసి పంపుతాయి.

మొహర్లలో ఇంకో టెన్షన్ ఉంది. పాత అచ్చులతో కలెక్టర్ల కోసం టంకశాలే తర్వాత కొట్టిన రీస్ట్రైకులున్నాయి. అద్దంలా మెరిసే మొహర్ కనిపిస్తే ముందు ఆ అనుమానమే రావాలి. రీస్ట్రైక్ తప్పుడు నాణెం కాదు, దాని కథ వేరు, ధర వేరు.

నన్నడిగితే, గ్రేడే ముఖ్యమైతే ఎంఎస్ (మింట్ స్టేట్, అంటే వాడకంలో అరగనిది) 62, 63 పదిహేను రూపాయలు తీసుకోమంటాను. ఒరిజినల్ మొహర్ ఎంఎస్‌లో దొరకడం గగనం. కానీ ఏయూ 58 (ఎంఎస్‌కు ఒక్క మెట్టు కింద, కొద్దిగా అరిగినది) మొహర్, విక్టోరియా జుట్టు మీద చిన్న రాపిడి తప్ప మెరుపు చెక్కుచెదరనిది ఎదురైతే ఆలోచించకుండా అటే వెళ్తాను. టంకశాల సంచుల్లో ఒకదానికొకటి తగిలి దెబ్బలు తిన్న ఎంఎస్ 61 కంటే అది కంటికి ఎప్పుడూ బాగుంటుంది. డీటెయిల్స్ మొహర్ చవగ్గా వచ్చినా వద్దు, అది బంగారం లెక్కలోకే వస్తుంది.

ఏది కొన్నా, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలు పురావస్తువులు, దేశం దాటించకూడదు. 1918వి కూడా ఇప్పుడు అందులోకి వచ్చేశాయి. అమ్మాలన్నా ఇక్కడి వేలంపాటల్లోనే అమ్ముకోవాలి.