కుడి కంటి రింగు మీద నా ఫిర్యాదు: నాలుగు వసంతాలు వాడిన బైనాక్యులర్ కథ

ఈ బైనాక్యులర్ మా ఇంటికొచ్చాక ఇది నాలుగో ఉగాది. ఎన్ని రెట్లు, లెన్సు ఎంత, బరువెంత అన్నవన్నీ పెట్టె మీదే ఉంటాయి కాబట్టి అవి రాయను. పక్షులు చూసేవాళ్ళు ఎక్కువమంది కొనే 8 ఇంటూ 42 రకమే ఇది. నేను రాసేది దాని కుడి గొట్టం మీద, కన్ను ఆనించే కప్పుకి సరిగ్గా కింద ఉండే ఒక సన్నటి రింగు గురించి. డయాప్టర్ అంటారు దాన్ని. రెండు కళ్ళ చూపులో తేడా ఉన్నవాళ్ళు దాన్ని ఒక్కసారి తిప్పి సరిచేసుకుంటే చాలు, ఇక దాని జోలికి పోనక్కర్లేదని కొన్న రోజున చెప్పారు. ఆ "ఒక్కసారి" అన్న మాట నా చేత కళ్ళ ఆసుపత్రి మెట్లు ఎక్కించింది, కొత్త కళ్ళజోడు కొనిపించింది, ఒక వసంతం మొత్తం మింగేసింది.

మొదట్లో దీన్ని ఎంత పొగిడానో మా వాళ్ళందరికీ తెలుసు. కళ్ళు మూసుకుని కొనెయ్యండి అని కనీసం నలుగురికి చెప్పుంటాను. పొగడడానికి కారణం కూడా ఉంది. మాది గుంటూరులో పాత ఇల్లు. పెరట్లో ఒక వేపచెట్టు, ప్రహరీ మీదకి పాకిన కాగితంపూల తీగ, రెండు మందార చెట్లు, అంతే. మొదటి ఏడాది మార్చిలో తేనెపిట్ట వచ్చి బట్టలారేసే తీగ చివర గూడు కట్టడం మొదలుపెట్టింది. వంటింటి కిటికీకి, ఆ గూడుకి మధ్య ఎనిమిది అడుగులు కూడా ఉండదు. చాలా బైనాక్యులర్లు అంత దగ్గర వస్తువుని పట్టుకోలేవు, ఇది పట్టుకుంటుంది. సాలీడు దారాలు తెచ్చి, ఎండుటాకులు, బెరడు ముక్కలు అతికిస్తూ, గుమ్మం మీద చూరులాగా చిన్న కప్పు కూడా దించిందండీ ఆ ఆడపిట్ట. మగది మాత్రం నీలం సిల్కు చొక్కా తొడుక్కున్న పెళ్ళికొడుకులా మందారం మీద కూర్చుని పాడడమే తప్ప ఒక్క పుల్ల ముట్టలేదు. పిల్లలు బయటికొచ్చాక మేత తెచ్చే పని మాత్రం కాస్త చేశాడు. నెల పైన మేము బట్టలు డాబా మీదే ఆరేసుకున్నాం. మా ఆవిడకి పక్షుల పిచ్చి పట్టింది ఆ నెలలోనే. అంతకుముందు నన్ను చూసి నవ్వేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మూడో ఏడాది సంక్రాంతి దాటాక నాకు బొమ్మ తేడాగా అనిపించడం మొదలైంది. మసక అని చెప్పలేను, అలాగని స్పష్టంగానూ లేదు. పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుంటే పాలపిట్టే అని తెలుస్తోంది, కానీ రొమ్ము మీద గీతలు విడివిడిగా కనపడవు. పావుగంట చూస్తే నుదురు లాగేస్తుంది. మధ్యలో ఉన్న ఫోకస్ చక్రం అటూ ఇటూ తిప్పుతూనే ఉంటాను, ఎక్కడో ఒక చోట పర్వాలేదనిపిస్తుంది, చెయ్యి తీయగానే మళ్ళీ అదే. నాకు యాభై దాటి నాలుగేళ్ళు. ఈ వయసులో చూపు తేడా వస్తే మనిషి యంత్రాన్ని అనుమానించడు, తననే అనుమానించుకుంటాడు.

పైగా అది మిర్చి సీజన్. ఫిబ్రవరి నుంచి మా ఊళ్ళో యార్డు వైపు గాలి తిరిగితే చాలు, ఇళ్ళల్లో కూడా తుమ్ములే. కళ్ళు మండడం, నీళ్ళు కారడం అందరికీ ఉన్నదే కాబట్టి మొదట ఆ ఘాటు మీదకి నెట్టేశాను. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు దేశమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది కదా, రోజుకి కనీసం పావుగంట కూర్చుని కనపడినవి రాయాలి. ఆ లెక్కలో మా వేపచెట్టు మీద ఆకుల్లో ఆకులా తిరిగే చిన్న వార్బ్లర్ ఒకటి దొరికింది. చలికాలానికి ఉత్తరాది నుంచి వచ్చి ఏప్రిల్‌లో వెళ్ళిపోయే రకం. దాన్ని గుర్తుపట్టడానికి రెక్క మీద సన్నటి లేత గీత ఉందా లేదా చూడాలి. మాతో తిరిగే రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఉన్నారు, ఫోన్ చేసి "గీత కనపడిందా?" అని అడిగారు. "లేదండీ" అన్నాను. "పోనీలెండి, వసంతం వచ్చేసరికి ఈకలు అరిగిపోయి ఆ గీత చెరిగిపోతూ ఉంటుంది" అన్నారాయన. ఆయన చెప్పింది నిజమే, ఆ జాతిలో అలా జరుగుతుంది. కానీ నాకు మాత్రం ఆ మాట భలే సాకు అయి కూర్చుంది. ఆ రెండు నెలలూ ఏది సరిగ్గా కనపడకపోయినా ఈకలు అరిగాయనే అనుకున్నాను.

మార్చిలో కొండవీడు వెళ్ళాం. తెల్లవారకముందే బయల్దేరి ఘాట్ రోడ్డు కింద బండి ఆపి నడవడం మొదలుపెట్టాం. సీతాఫలం పొదల మధ్య వంగపండు పిట్ట కూత వినిపించింది, అందరూ అటు తిరిగారు, ఎవరి బైనాక్యులర్ వాళ్ళు ఎత్తారు. పచ్చటి పసుపు ముద్దలాంటి పిట్ట, కంటి పక్కన కాటుక పెట్టినట్టు నల్ల గీత. మాస్టారు ఆ గీత చూడమన్నారు. కాటుక గీత కన్ను దాటి వెనక్కి సాగితే మన వంగపండు, మెడ వెనక రెండువైపులా కలిసిపోతే అది వేరే జాతి, కాబట్టి ఆ గీత ముఖ్యం. నాకు కనపడింది పసుపు ముద్ద ఒక్కటే. "చూశారా?" అంటే "ఆ చూశాను, అద్భుతం" అన్నాను. ఇంత రాస్తున్నాను కాబట్టి ఇదీ ఒప్పుకుంటున్నా, ఆ రోజు అబద్ధమే చెప్పాను.

వచ్చిన మర్నాడే కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. చుక్కలు వేశారు, కూర్చోమన్నారు, మళ్ళీ చుక్కలు వేశారు, గడ్డం ఒక పరికరం మీద పెట్టించి లోపలికి వెలుగు కొట్టి చూశారు. శుక్లం లేదు, నంబరు మారలేదు, కళ్ళు బాగానే ఉన్నాయండీ అన్నారు డాక్టరమ్మ. నాకు ఆ మాట రుచించలేదు. బాగుంటే ఎందుకు కనపడదు? ఎక్కడో ఏదో వాళ్ళకి దొరకని జబ్బు ఉందని ఖాయం చేసుకున్నాను. ఆ సాయంత్రం మందు దిగక వెలుతురు చూడలేక నల్ల కళ్ళజోడు పెట్టుకుని పెరట్లో కూర్చుంటే పైన కోకిల, దాని వెనక రెండు కాకులు, పెద్ద గలాటా. తలెత్తలేదు నేను. రెండు రోజులాగి, నంబరు మారకపోయినా సరే అని అద్దాల షాపులో కొత్త కళ్ళజోడు చేయించుకున్నాను. మూడు వేల చిల్లర అయింది. దాంతో పేపరు బ్రహ్మాండంగా కనపడింది. పిట్టలు మాత్రం అలాగే ఉన్నాయి.

గుట్టు బయటపడింది ఉప్పలపాడులో. మా ఊరికి దగ్గరే కాబట్టి బుద్ధి పుట్టినప్పుడల్లా వెళ్ళొస్తుంటాం. ఊరి చెరువులో సర్కారు తుమ్మ చెట్ల నిండా ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, తెల్ల కంకణాలు, చోటు కోసం ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. అప్పటికి ఎర్రకాళ్ళ కొంగల పిల్లలు ఎదిగి, బూడిద రంగులో, గూట్లోనే రెక్కలు ఆడించడం నేర్చుకుంటున్నాయి. నిజానికి అక్కడ బైనాక్యులర్ లేకపోయినా పర్వాలేదు, అంత దగ్గరగా కనపడతాయి. ఆ ఊరి పిల్లాడు ఒకడు, మూడో తరగతో నాలుగో, నా పక్కన నిలబడి చాలాసేపు నా మెడలో ఉన్నదాన్నే చూశాడు. "తాతా, ఒకసారి ఇస్తావా?" అన్నాడు. తాతా అన్నందుకు కాస్త కష్టమనిపించినా ఇచ్చాను. వాడి మొహం చిన్నది, గొట్టాలు ఎంత దగ్గరికి మడిచినా రెండు కళ్ళకీ ఆనవు. వాడే ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక కన్ను మూసి ఎడమ గొట్టంలో చూశాడు, తర్వాత కుడి గొట్టంలో చూశాడు, మళ్ళీ ఎడమలో చూశాడు. చూసి నాకు తిరిగిస్తూ అన్నాడు: "తాతా, ఈ గొట్టంలో కొంగుంది, ఈ గొట్టంలో పొగుంది."

నేను అక్కడే నిలబడిపోయాను. వాడికి ఎనిమిదేళ్ళు, శుక్లం లేదు, కళ్ళజోడు లేదు, వాడికీ కుడివైపు పొగే. నా కంటికేం కాలేదన్నమాట! వెంటనే ఎడమ గొట్టం ముందు చెయ్యి అడ్డం పెట్టి కుడి కంటితో చూశాను. ఆ రింగు చూద్దును కదా, నేను పెట్టుకున్న చోటు నుంచి దాదాపు చివరి దాకా తిరిగిపోయి ఉంది. వేలితో వెనక్కి తిప్పుతుంటే తుమ్మ కొమ్మ మీద గూడబాతు మెల్లగా పొగలోంచి బయటికొచ్చింది, కింద సంచి మీద నీలం మచ్చలతో సహా. పిల్లాడికి చాక్లెట్ ఇద్దామంటే జేబులో ఏమీ లేదు, బైనాక్యులర్ మళ్ళీ వాడికే ఇచ్చి పది నిమిషాలు చూసుకోనిచ్చాను.

ఇంటికొచ్చాక రెండో ప్రశ్న, అసలు అది తిరిగిందెలా? బాగా బిగుతుగానే ఉంటుంది, సంచిలో రాసుకుని తిరిగేంత వదులు కాదు. నాలుగు రోజులు కాపలా కాశాక దొంగ దొరికింది. నేను కళ్ళజోడు పెట్టుకుని చూస్తాను కాబట్టి కంటి కప్పుల్ని పూర్తిగా కిందికి దించి వాడతాను. మా ఆవిడకి కళ్ళజోడు లేదు, ఆవిడకి కప్పులు పైకి లేవాలి. అవి స్క్రూలాగా తిప్పితే పైకి వస్తాయి. పొద్దున్నే పాలు పొంగేలోపు వంటింటి కిటికీలోంచి పిట్టల్ని చూడడం ఆవిడకి అలవాటైపోయింది. కుడి కప్పు తిప్పి పైకి లేపేటప్పుడు ఆవిడ వేళ్ళు కింద ఉన్న రింగుని కూడా కలిపి పట్టుకుంటున్నాయి. కప్పుతో పాటు రింగు కూడా ఒక వెంట్రుకవాసి తిరుగుతోంది. నేను దించేటప్పుడు కప్పు అంచు పట్టుకుంటాను, కాబట్టి రింగు వెనక్కి రాదు. రోజుకింత చొప్పున తిరిగితే మూడు నెలల్లో చివరికి పోదూ మరి?

"నీ వల్లే నాకు శుక్లాలొచ్చాయి" అన్నాను. "నాకు మాత్రం బానే కనపడుతోందండీ" అంది. ఎలా కనపడిందే అంటే, ఎప్పుడూ ఎడమ కంటితోనే చూస్తుందట, కుడివైపు ఎప్పుడూ సరిగ్గా ఉండదని మొదటి నుంచీ అనుకుంటోందట, నాకు చెప్తే కోప్పడతానని చెప్పలేదట.

కాబట్టి తప్పెవరిది? నా లెక్క ప్రకారం డెబ్బై పాళ్ళు తయారు చేసినవాళ్ళది. ఆ రింగుకి ఒక తాళం పెట్టుంటే, అంటే పైకి లాగి తిప్పి మళ్ళీ కిందికి నొక్కితే బిగుసుకునే ఏర్పాటు, ఈ కథే లేదు. ఖరీదైన వాటిలో అది ఉంటుంది. పోనీ రింగు మీద కనపడే గుర్తైనా పెట్టొచ్చు కదా. నల్ల రబ్బరు మీద నల్ల చుక్క పెట్టారు, పట్టపగలు కూడా తడుముకోవాలి. పేరు రాసి ఒక్కరినే తిట్టడం ఎందుకని కంపెనీ పేరు రాయడం లేదు, ఈ ధరలో వేరేవాళ్ళవి రెండు చూశాను, వాటిలోనూ ఇంతే.

నేను చేసిన మరమ్మతు ఇది. పాత సైకిల్ ట్యూబు నుంచి వేలెడు వెడల్పు ముక్క కోసి రింగు మీదకి, గొట్టం మీదకి కలిపి తొడిగాను, ఇక కదలదు. దానికి ముందు నెయిల్ పాలిష్‌తో రెండు చుక్కలు పెట్టాను, ఎరుపు నాది, తెలుపు ఆవిడది. చుక్క పెట్టే పద్ధతి తెలియని వాళ్ళకి చెప్తున్నా: కుడి గొట్టం ముందు చెయ్యి అడ్డం పెట్టి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు ఫోకస్ చక్రంతో స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమకి అడ్డం పెట్టి, చక్రం ముట్టుకోకుండా, రింగు మాత్రం తిప్పి కుడి కంటికి అవే అక్షరాలు స్పష్టం చేసుకోండి. రెండు నిమిషాల పని. ఈ పని మూడు నెలల ముందు చేసుంటే నాకు మూడు వేలు మిగిలేవి.

ఇక మిగతా సంగతులు తొందరగా. మొదటి ఏడాది అంచుల దాకా అద్దంలా ఉందని రాసుకున్నాను, అది వేపచెట్టు నీడలో చూసి అన్న మాట. తెల్లటి ఆకాశం మీద ఎగిరే గూడబాతుని చూస్తే రెక్క అంచున ఊదారంగు గీత కనపడుతుంది, ఇప్పుడు ఒకసారి చూశాక చూడకుండా ఉండలేకపోతున్నాను. నీళ్ళు పోవు అన్నది నిజమే. కానీ ఏసీ గదిలోంచి ఏప్రిల్ ఎండలోకి తెస్తే లెన్సు బయటివైపు ఆవిరి పడుతుంది, ఐదు నిమిషాలు ఆగాలి, ఆ ఐదు నిమిషాల్లోనే మంచి పిట్ట వస్తుంది. మెడ పట్టీ మీద రెండు గంటలు వేలాడితే మెడ పట్టేస్తుంది, భుజాలకి తగిలించుకునే పట్టీ విడిగా కొన్నాను.

కొనొచ్చా అంటే, ఒక్కరే వాడుకునేవాళ్ళు, అందులోనూ రెండు కళ్ళ చూపూ ఒకేలా ఉన్నవాళ్ళు హాయిగా కొనుక్కోవచ్చు, వాళ్ళకి ఆ రింగు ఉన్నట్టే తెలియదు. నాలా కళ్ళజోడు ఉండి, ఇంట్లో ఇంకొకరితో పంచుకునేవాళ్ళు కాస్త ఆలోచించండి, లేదా సైకిల్ ట్యూబు ముక్క దగ్గర పెట్టుకోండి. పెరడు లేని అపార్ట్‌మెంటు వాళ్ళకి ఆ ఎనిమిదడుగుల దగ్గరి చూపు ఎంతవరకు అక్కరకొస్తుందో నేను చెప్పలేను, నేను దీన్ని వదలకపోవడానికి సగం కారణం అదే మరి.

ఈ గొడవంతా ఎందుకని, ఈ ఉగాదికి ఆవిడకి విడిగా ఒకటి, కొంచెం చిన్నది, తేలికైనది కొనిపెడతానన్నాను. కంసాలి పిట్ట టుక్కు టుక్కుమని వేపచెట్టులో ఎక్కడుందో తెలియకుండా కొడుతోంది, అది తల తిప్పుతూ కూయడం వల్ల చప్పుడు ఒక్కోసారి ఒక్కో దిక్కు నుంచి వస్తున్నట్టుంటుంది, దాన్ని వెతుకుతూ కిటికీ దగ్గర నిలబడి ఉంది. బైనాక్యులర్ కళ్ళ నుంచి దించకుండానే "ఆ కొత్తది మీరు తీసుకోండి, ఇది నాకు అలవాటైపోయింది" అంది. ట్యూబు ముక్క గ్యాస్ పొయ్యి పక్కన గట్టు మీద ఉంది.