చెరువు గట్టున నాలుగేళ్లుగా వాడుతున్న మైక్రోస్కోపు

చెరువులో చేపల మందుల ఖర్చు తగ్గుతుందని ఈ మైక్రోస్కోపు కొన్నాను. 40 నుంచి 1000 రెట్ల వరకు పెద్దది చేసి చూపుతుంది, బ్యాటరీ మీద కూడా దీపం వెలుగుతుంది. ఖర్చు తగ్గిన మాట నిజమే కానీ, నేను అనుకున్న దారిలో కాదు.

మొదటి ఏడాది చచ్చి తేలిన చేపల మొప్పలు కత్తిరించి చూసేవాడిని. కంటికి కనిపించే గుండ్రని వలయమంతా బ్యాక్టీరియా కిటకిటలాడుతుంటే రోగం దొరికిందని మురిసిపోయి, మేతలో యాంటీబయాటిక్ కలిపాను. చావులు ఆగలేదు. ప్రాణం పోయిన చేపలో కుళ్లబెట్టే బ్యాక్టీరియా గంటల్లోనే నిండుతుందన్న ఇంగితం నాకు ఆలస్యంగా కలిగింది. ఇప్పుడు కొనఊపిరితో గట్టు వార తచ్చాడే చేపనే పట్టి, అక్కడికక్కడే చూస్తున్నాను.

ఈ పరికరం బాగా పట్టిచ్చేది కాలమ్నారిస్‌ను, అంటే మొప్పలను, చర్మాన్ని తినేసే ఒక బ్యాక్టీరియా రోగాన్ని. మొప్ప మీద పసుపుగా పాలిపోయిన చోట గీకి, నీటిచుక్కలో పరిచి, 400 రెట్లలో కొన్ని నిమిషాలు ఓపిక పట్టాలి. సన్నని పొడవాటి కడ్డీలు మెల్లగా జారుతూ వచ్చి కణజాలం అంచున గడ్డివాముల్లా పోగుపడతాయి. వెలుతురు ఎక్కువైతే ఇవేవీ ఆనవు. వెలుతురును తగ్గించే కింది డయాఫ్రమ్‌ను బాగా మూయాలి. పెట్టెలో వచ్చిన పుస్తకంలో ఈ ముక్క లేదు!

అసలు లాభం మరోచోట ఉంది. బ్యాక్టీరియా కోసం వెతికితే చాలాసార్లు చక్రంలా తిరిగే ట్రైకోడైనా, కొక్కేలతో మొప్పను కరచుకున్న డాక్టైలోజైరస్ అనే పరాన్నజీవులు కనిపించాయి. అవి చేసిన గాయంలోకే బ్యాక్టీరియా చేరుతుంది. వాటిని వదిలేసి యాంటీబయాటిక్ పెట్టడం దండగ. స్లైడులో ఏమీ కనబడకపోతే, ఊపిరాడక చస్తున్నాయేమోనని తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ కొలుస్తాను.

ఒంటిమీద ఎర్రమచ్చలు, పొట్ట ఉబ్బు ఉన్నప్పుడు మాత్రం దీని పని సగమే. చేప మూత్రపిండాన్ని స్లైడుకు అద్ది, బ్యాక్టీరియాను రెండు గుంపులుగా విడదీసి చూపే గ్రామ్ రంగు వేస్తే గులాబీ కడ్డీలు కనబడతాయి. ఆ బ్యాక్టీరియా ఏరోమోనాసా, ఎడ్వర్డ్‌సియెల్లానా అన్నది కంటితో తేలదు. ప్రయోగశాలలో పెంచి, ఏ మందుకు లొంగుతుందో మందు అద్దిన కాగితపు బిళ్లలతో పరీక్షించాలి. ఆ రెండు మూడు రోజులూ మేత తగ్గించి, నీరు మారుస్తూ, చచ్చినవాటిని ఏరేస్తుంటాను. మేత ముట్టని చేపకు మేతలోని మందు ఎలాగూ అందదు.

తయారీదారు మీద ఒక్క ఫిర్యాదుంది. తేమకు లెన్సులు బూజు పడతాయని ఎక్కడా హెచ్చరించలేదు. రెండో వానాకాలం తరువాత సిలికా జెల్ వేసిన డబ్బాలో దాస్తున్నాను. 400 రెట్ల లెన్సు మీద పడిన మచ్చ మాత్రం పోలేదు.