ఒంటె కోసం రాజస్థాన్ వెళ్తే: బికనీర్ ముందా, జైసల్మేర్ ముందా?

రాజస్థాన్ వెళ్లొచ్చినవాళ్లందరి ఫోన్లలోనూ ఒంటె మీద తలపాగాతో ఒక ఫొటో ఉంటుంది. చాలావరకు అది జైసల్మేర్ దగ్గర సమ్ దిబ్బల మీద తీసిందే. ఆ పావుగంటలో ఒంటె వాసన తెలుస్తుంది, నడుం నొప్పి తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. నీళ్లు లేని చోట ఇంత పెద్ద జంతువు ఎలా నెగ్గుకొస్తోందో చూడాలనుకునేవాళ్లు ప్లాన్‌ను తిరగేసుకోవాలి. ముందు బికనీర్‌లో ఒక పూర్తి రోజు గడిపి, ఆ తర్వాతే జైసల్మేర్ వెళ్లాలి. ప్యాకేజీ టూర్లలో బికనీర్ అసలు ఉండదు, ఉన్నా జునాగఢ్ కోట చూపించి బస్సెక్కిస్తారు.

మనవైపు నుంచి కాచిగూడ–భగత్ కీ కోఠీ రైలు జోధ్‌పూర్ దాకా తీసుకెళ్తుంది. రెండు రాత్రులు రైల్లోనే. జోధ్‌పూర్ నుంచి బికనీర్ 250 కిలోమీటర్లు, జైసల్మేర్ 285. బికనీర్ నుంచి జైసల్మేర్‌కు రోడ్డున సుమారు 330 కిలోమీటర్లు. పిల్లలతో వెళ్తే ఈ మూడో దారిని రాత్రి బస్సులో కాకుండా పగలు కారులో వెళ్లడం మేలు. దారి పొడవునా మేస్తున్న మందలు కనిపిస్తాయి.

బికనీర్‌లో చూడాల్సింది ఊరికి ఎనిమిది పది కిలోమీటర్ల దూరంలో జోర్‌బీర్ వైపున్న జాతీయ ఒంటెల పరిశోధన కేంద్రం. 1984లో మొదలైన ఈ సంస్థ భారత వ్యవసాయ పరిశోధన మండలి కింద నడుస్తోంది. సందర్శకులను సాధారణంగా మధ్యాహ్నం తర్వాతే రానిస్తారు కాబట్టి పొద్దున కోట చూసుకుని, భోంచేసి బయల్దేరితే సరిపోతుంది. ఆటోను రానూపోనూ మాట్లాడుకుని అక్కడే ఆపుకోవాలి. తిరుగు ప్రయాణానికి ఆటో దొరకడం కష్టం. సాయంత్రం దాకా ఉండగలిగితే మేతకు వెళ్లిన మంద దొడ్లలోకి తిరిగొచ్చే దృశ్యం దొరుకుతుంది. మ్యూజియం ఒకసారి చుట్టి రావడానికి బాగుంటుంది. అసలు సరుకు మాత్రం దొడ్ల దగ్గరే.

ఇక్కడ బికనేరీ, జైసల్మేరీ, కచ్ఛీ, మేవాడీ జాతులను పక్కపక్కన చూడొచ్చు. బికనేరీది బరువైన ఒళ్లు. కళ్లకు పైన నుదురు దగ్గర ఒక పల్లం ఉంటుంది. కొన్నింటికి కనుబొమల మీద, చెవుల మీద దట్టంగా వెంట్రుకలుంటాయి, వాటిని ‘ఝీప్రా’ అంటారు. జైసల్మేరీ సన్నకాళ్ల పరుగు ఒంటె. బండి లాగడానికి మొదటిది, స్వారీకి రెండోది. బికనీర్ వీధుల్లో విమానాల పాత టైర్లు బిగించిన రెండు చక్రాల ఒంటెబళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇసుకలో కూరుకుపోకుండా ఉండడానికి అంత వెడల్పు టైరు కావాలి. ఒంటె పాదం కూడా అదే లెక్క. డెక్క ఉండదు, రెండు వేళ్ల కింద ఒకే మెత్తటి దిండు ఉంటుంది. అడుగు పడగానే అది పరుచుకుంటుంది. అదే పాదం తడి బంకమట్టి మీద జర్రున జారుతుంది. అందుకే వాన పడిన రోజు స్వారీ వద్దనడం.

కూర్చున్న ఒంటెను దగ్గరగా చూడండి. మోకాళ్లకు, రొమ్ము కింద బాగా కాయలు కాసి ఉంటాయి. రొమ్ము కింది కాయ పీటలా పనిచేసి ఒంటిని నేల మీద నుంచి కాస్త ఎత్తి ఉంచుతుంది, కిందనుంచి గాలి ఆడుతుంది. ముక్కు రంధ్రాలు ఇసుక లేచినప్పుడు చీలికల్లా మూసుకుంటాయి. వాటికి ఇంకో పెద్ద పని ఉంది. ఊపిరి బయటికి వెళ్లేటప్పుడు ముక్కులోని చల్లటి పొరలకు తగిలి అందులోని తేమ చాలావరకు అక్కడే నిలిచిపోతుంది. పై పెదవి నిలువునా చీలి, రెండు ముక్కలూ వేళ్లలా విడివిడిగా కదులుతాయి. ముళ్ల మధ్య నుంచి ఆకును మాత్రమే గిల్లుకోవడానికి ఆ ఏర్పాటు. ఊడిపడతాయేమోనని సామెతలో నక్క ఆశపడింది ఈ పెదవులకే.

మూపురంలో నీళ్లుంటాయన్న మాట గైడ్ల నోట ఇంకా వినిపిస్తుంది. ఉండేది కొవ్వు. కొవ్వంతా ఒకేచోట పోగుపడడం వల్ల మిగతా చర్మం కింద దుప్పటి కప్పినట్టు కొవ్వు పొర ఉండదు, వేడి తేలిగ్గా బయటికి పోతుంది. నీళ్ల సంగతి వేరే. నీళ్లు దొరకని ఒంటె పగలు తన ఒంటి వేడిని 41 డిగ్రీల దాకా పెరగనిస్తుంది, చెమట పట్టనివ్వదు. రాత్రి చలిలో ఆ వేడిని వదిలేసి తెల్లారేసరికి 34కు దిగుతుంది. అయిదు వందల కిలోల జంతువుకు ఈ ఒక్క పద్ధతిలోనే రోజుకు నాలుగైదు లీటర్ల చెమట మిగులుతుంది. కడుపునిండా నీళ్లు తాగిన ఒంటె ఈ పని చేయదు, దాని ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు మించి ఊగదు. అవసరం లేనిదే పొదుపు చేయదన్నమాట. 1950లలో సహారాలో ఒంటెలను పరీక్షించిన శాస్త్రవేత్త క్నుట్ ష్మిట్-నీల్సన్ చూపించిన మరో విషయం: బొచ్చు కత్తిరించిన ఒంటెకు నీటి ఖర్చు దాదాపు సగం పెరుగుతుంది. ఎండలో బొచ్చు పైభాగం 70 డిగ్రీలు దాటినా లోపల చర్మం 40 దగ్గరే ఉంటుంది. ఎండాకాలంలో ‘పాపం, ఇంత బొచ్చుతో’ అని జాలిపడనక్కర్లేదు.

తొట్టి దగ్గర నీళ్లు తాగే సమయం కుదిరితే వదులుకోవద్దు. ఒంటి బరువులో పాతిక శాతం నీరు పోయినా ఒంటె తట్టుకుంటుంది. తర్వాత పది పదిహేను నిమిషాల్లో వంద లీటర్ల దాకా లాగేస్తుంది. మిగతా జంతువులు అలా తాగితే రక్తం పలచబడి ఎర్రకణాలు పగిలిపోతాయి. ఒంటె ఎర్రకణాలు గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి, రెట్టింపుకు పైగా ఉబ్బినా పగలవు. పెంటికలు చేత్తో పట్టుకుని చూడండి, తడి అంటదు. అప్పటికప్పుడు పొయ్యిలో పెట్టుకోవచ్చు.

కేంద్రంలోని పాల దుకాణంలో ఒంటె పాల కుల్ఫీ, కాఫీ దొరుకుతాయి. కుల్ఫీ బాగుంటుంది. పాలు విడిగా తాగితే కొంచెం ఉప్పగా తగులుతాయి, ఆ ఉప్పదనం మేతను బట్టి మారుతుంది. ఇంటికి తీసుకెళ్లి తోడు పెడదామనుకుంటే నిరాశే, గడ్డపెరుగు కాదు, నీళ్లనీళ్లగా ఉండిపోతుంది. దారిలో ఎవరైనా పొదుగు నుంచి పిండి పచ్చిపాలు ఇస్తే మాత్రం కాచిన తర్వాతే తాగాలి. పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ అనే పశువుల జబ్బు మనిషికి అంటుకోవచ్చు.

అక్కడికి దగ్గర్లోనే జోర్‌బీర్ రాబందుల సంరక్షణ ప్రాంతం ఉంది. చుట్టుపక్కల చచ్చిన ఒంటెలను, ఆవులను తెచ్చి పడేసే చోటు అది. చలికాలంలో రాబందులు, గద్దలు వందల్లో దిగుతాయి. పక్షులు చూసేవాళ్లకు పండగే గానీ కంపు భరించాలి. వీధికుక్కల గుంపులు ఎక్కువ కాబట్టి కారు దిగి దూరం నడవొద్దు. చిన్నపిల్లలున్నవాళ్లు మానుకోవచ్చు.

ఇక జైసల్మేర్. ఊరికి పడమరగా 40 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో సమ్, నైరుతిగా దాదాపు అంతే దూరంలో ఖూరీ. సౌకర్యం కావాలంటే సమ్. గుడ్డ గుడారమైనా లోపలే బాత్రూం, మంచం, రజాయి, పొద్దున వేళకు వేడినీళ్లు. ముసలివాళ్లుంటే వేరే ఆలోచన వద్దు. ఒంటె దృష్టితో చూస్తే మాత్రం సమ్‌కు తక్కువ మార్కులు. సూర్యాస్తమయం వేళ దిబ్బ మీద జీపులు, నాలుగు చక్రాల బైకులు, వందల ఒంటెలు, చిప్స్ కవర్లు. ఆ కవర్లు ఒంటె కడుపులోకీ పోతాయి. ‘ఒంటె సవారీ ఉచితం’ అన్న ప్యాకేజీలో సవారీ అంటే తరచుగా పావుగంట, ఇరవై నిమిషాలు. మాంగణియార్లనే స్థానిక జానపద గాయకుల పాట, కాల్బేలియా నాట్యం అయ్యాక డీజే మొదలవుతుంది. రాత్రి ఎన్నింటికి ఆపుతారో బుక్ చేసే ముందే అడగాలి, పక్క క్యాంపు ఎంత దూరమో కూడా. గుడ్డకు శబ్దం ఆగదు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో చలి కూడా ఆగదు, మనిషికి రెండు రజాయిలు అడిగి పెట్టుకోండి. కొత్త సంవత్సరం వారంలో ఇదే గుడారం రెండు మూడింతలు పలుకుతుంది.

ఖూరీ పల్లెటూరు. మట్టిగోడల, గడ్డికప్పు గుడిసెల్లో బస. బాత్రూం కొన్నిచోట్ల బయట ఉంటుంది, వేడినీళ్లు బకెట్ లెక్క. ఇక్కడ రెండు మూడు గంటల సవారీ, కావాలంటే దిబ్బ మీదే రాత్రి పడక దొరుకుతాయి. ఒంటెవాడు ఒంటెను ఎలా మేపుతాడో, ముందుకాళ్లను కలిపి పొట్టి తాడు కట్టి రాత్రి ఎలా వదులుతాడో ఇక్కడే కనిపిస్తుంది. ఒక్క రాత్రికి అయితే ఖూరీనే ఎంచుకోవాలి. రెండు చోట్లా భోజనం దాదాపు ఒకటే: దాల్ బాటీ, సజ్జరొట్టె, కేర్ సాంగ్రీ కూర. సాంగ్రీ అంటే ఖేజ్డీ చెట్టు కాయలు. ఖేజ్డీ మరెవరో కాదు, దసరాకు మనం పూజించే జమ్మి. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం అదే. అక్కడ కాయ మనిషికి, ఆకు ఒంటెకు.

ఎక్కే ముందు ఒంటెను ఒక్క నిమిషం చూడాలి. మూపురం నిటారుగా గట్టిగా ఉంటే తిండి బాగుంది. ఒక పక్కకు వాలిపోయి సంచిలా ఉంటే ఆకలి మీద ఉంది. ముక్కులో పగ్గం కోసం గుచ్చిన పుల్ల దగ్గర చీము, నెత్తురు ఉన్నా, జీను కింద పుండు ఉన్నా, తొడల లోపల బొచ్చు ఊడి చర్మం మందంగా పొక్కులు కట్టినా (అది గజ్జి, చలికాలంలో ఎక్కువ, మనుషులకూ అంటుకోవచ్చు) వేరే ఒంటె అడగండి. బేరం ఆడడం తప్పు కాదు గానీ ఒంటెను మార్చమనడం అంతకంటే ముఖ్యం. ఇంకొకటి. నవంబర్ నుంచి మార్చి దాకా మగ ఒంటెలకు ఎదకాలం, మన సీజన్ కూడా అదే. నోటినుంచి నురగ కారుతూ, గులాబీ రంగు బుడగలాంటిది నోటి పక్కనుంచి వేలాడుతూ, మెడ వెనక నల్లటి జిడ్డు కారుతుంటే దాని దగ్గరికి సెల్ఫీకి వెళ్లొద్దు. ఆ బుడగ జబ్బు కాదు, అంగిలి భాగమే. కరిస్తే మాత్రం చేయి మిగలదు.

ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్లు ముందుగా నిటారవుతాయి, మనిషి ముందుకు విసిరినట్టు తూలిపోతాడు. కూర్చునేటప్పుడు ముందు మోకాళ్లు మడుస్తుంది, మళ్లీ ముందుకే. రెండుసార్లూ వెనక్కి వాలి, జీను ముందు కొయ్యను గట్టిగా పట్టుకోవాలి. ‘ఝై ఝై’ అన్న పిలుపు వినిపించిందంటే అది కూర్చోబోతోంది. పడిపోయేది ఎక్కువమంది దిగేటప్పుడే, ఫోన్ చేతిలో ఉంటుంది కాబట్టి. ఒకవైపు ముందుకాలు, వెనకకాలు కలిసి కదలడం వల్ల నడక పడవలా పక్కలకు ఊగుతుంది, నడుం బిగబట్టకుండా ఆ ఊపుకు వదిలేయాలి. చీర, పంచె వద్దు. లావు కుట్లున్న జీన్స్ తొడలు ఒరిపిస్తుంది, వదులు కాటన్ ప్యాంటు మేలు. మొదటిసారికి రెండు గంటలు చాలు. గంటకు నాలుగైదు కిలోమీటర్ల నడకే కాబట్టి ‘రెండు గంటల్లో పాతిక కిలోమీటర్లు తిప్పుతాం’ అన్నవాడు అబద్ధం చెబుతున్నట్టే. ఒంటె నీళ్లు లేకుండా ఉంటుందని మీరు ఉండలేరు, రోజు సఫారీకి మనిషికి కనీసం నాలుగు లీటర్లు.

ఏటా ఒంటెలను అమ్మే పుష్కర్ సంత గురించి క్లుప్తంగా. అందరూ కార్తీక పౌర్ణమికి వెళ్తారు. ఆ రోజుకు సరస్సులో స్నానాల రద్దీ ఉంటుంది, ఒంటెలు చాలావరకు అమ్ముడై వెళ్లిపోయి ఉంటాయి. పశువులను చూడాలంటే పౌర్ణమికి వారం ముందు దిగాలి. బస పుష్కర్‌లో దొరక్కపోతే 15 కిలోమీటర్ల దూరంలోని అజ్మేర్‌లో చూసుకోవచ్చు.

టూరిస్టులు దాదాపు వెళ్లనిది, వెళ్లాల్సింది రాణక్‌పూర్ దగ్గరి సాద్రీ. తరతరాలుగా ఒంటెలు పెంచే రైకాల ప్రాంతం ఇది. ఒంటె పాలు, ఒంటె పెంటికలతో చేసిన కాగితం ఇక్కడ దొరుకుతాయి. పిల్ల పక్కన ఉంటేనే తల్లి పాలు చేపుతుంది కాబట్టి రెండు చన్నులు పిల్లకు వదిలి రెండే పిండుతారు. 2014లో రాజస్థాన్ ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది, 2015లో వధను నిషేధించి రాష్ట్రం దాటించడాన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. దాంతో మగ ఒంటెపిల్లలను కొనేవాళ్లు తగ్గారు. ట్రాక్టర్లు అప్పటికే బండి పనిని తినేశాయి, మేత బీళ్లు కుంచించుకుపోయాయి. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద మిగిలినవి రెండున్నర లక్షలు, 2012 కంటే 37 శాతం తక్కువ. పాలు కొన్నా, మందతో ఒక పూట నడిచినా ఆ డబ్బు నేరుగా పెంపకందారుకు చేరుతుంది. సమ్‌లో మీరిచ్చే ప్యాకేజీ డబ్బులో ఒంటెవాడి వాటా ఎంతో అతన్నే అడిగి చూడండి.

మొత్తం ఆరు రోజులుంటే బికనీర్‌కు రెండు, ఖూరీకి రెండు, సాద్రీకి రెండు. నెల ఎంచుకునే వీలుంటే ఫిబ్రవరి. చలి తగ్గుతుంది, రేట్లు దిగుతాయి, పదమూడు నెలలు మోసి ఈనిన తల్లుల పక్కన కాళ్లు తడబడే పిల్లలు బికనీర్ దొడ్ల నిండా ఉంటాయి.