ఇన్సులిన్‌తో భద్రతా తనిఖీ: స్కానరా, చేతి తనిఖీయా, ఏది మేలు?

మధుమేహం ఉన్నవారు విమాన ప్రయాణానికి సిద్ధమయ్యేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ‘ఇన్సులిన్‌ను లోపలికి తీసుకువెళ్లనిస్తారా?’ అన్నది. దానికి జవాబు తేలికే. 2006 ఆగస్టులో లండన్ నుంచి అట్లాంటిక్ దాటి వెళ్లే విమానాలను ద్రవరూప పేలుడు పదార్థాలతో కూల్చాలన్న కుట్ర బయటపడిన తరువాత, చేతి సామానులో ఏ ద్రవమైనా 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలో ఉండకూడదన్న నియమం అనేక దేశాలకు పాకింది. అయితే ప్రయాణంలో అవసరమయ్యే మందులకు అందులో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు మాట అటుంచినా, ఇన్సులిన్ వయల్‌లో ఉండేది సాధారణంగా 10 మిల్లీలీటర్లు, పెన్‌లో 3 మిల్లీలీటర్లు కాబట్టి అది ఆ హద్దు దరిదాపులకైనా రాదు. తూచి చూసుకోవలసినవి వేరే ఉన్నాయి: సామగ్రిని ఎక్కడ పెట్టాలి, ఒంటిమీది పరికరంతో ఏ తనిఖీకి నిలబడాలి, ఏ కాగితం దగ్గర ఉండాలి, షుగర్ పడిపోతే తినవలసిన తీపిని ఏ రూపంలో ఉంచుకోవాలి.

వీటిలో మొదటిదానికి, అంటే చేతి సంచా, చెక్-ఇన్ పెట్టెనా అన్నదానికి, పెద్ద చర్చ అక్కరలేదు. ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టిందంటే, కరిగిన తరువాత చూడటానికి మామూలుగానే ఉన్నా దానిని ఇక వాడకూడదు. లగేజీ అరలో చలి ఎంతవరకు పడిపోతుందో, రన్‌వే పక్కన ఎండలో ఆ పెట్టె ఎంతసేపు నిలబడుతుందో ప్రయాణికుడి చేతిలో లేని విషయం. పెట్టె దారి తప్పి మరో ఊరు చేరితే అందులోని బట్టలు కొనుక్కోవచ్చు గాని, మీ డాక్టర్ రాసిన రకం ఇన్సులిన్ దిగిన చోట ఆ రాత్రికే దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇన్సులిన్‌ను కొద్దికొద్దిగా ఒంట్లోకి పంపే పంప్‌కు, మీటర్‌కు పనికివచ్చే విడి లిథియం బ్యాటరీలనూ పవర్ బ్యాంకులనూ చెక్-ఇన్ పెట్టెలో పెట్టడం ఎలాగూ నిషిద్ధమే. నెలల తరబడి సాగే ప్రయాణమైతే అదనపు సూదుల పెట్టెలను కింద పంపవచ్చునేమో గాని, ఇన్సులిన్, గ్లూకోమీటర్, స్ట్రిప్స్, షుగర్ బాగా పడిపోతే ఇచ్చే గ్లూకగాన్ మందు మాత్రం చేతిలోనే ఉండాలి. వెంట వచ్చేవారు ఉంటే, వాటిని ఇద్దరి చేతి సంచుల్లోకి పంచుకోవడం ఇంకా మంచిది.

అసలు చిక్కు పంప్ గాని, నిరంతరం గ్లూకోజ్ చూపే సెన్సర్ గాని ఒంటికి తగిలించుకున్నవారిది. వారి ఎదుట సాధారణంగా మూడు దారులు ఉంటాయి: నడిచి దాటే మెటల్ డిటెక్టర్, చేతులు పైకెత్తి నిలబడే బాడీ స్కానర్, సిబ్బంది చేతితో తడిమి చేసే తనిఖీ. మెటల్ డిటెక్టర్ లోహాన్ని పసిగట్టేందుకు బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని వాడుతుంది. పంప్, సెన్సర్ తయారీదారులు సాధారణంగా దీనికి అభ్యంతరం చెప్పరు. ఈనాటి బాడీ స్కానర్లు చాలావరకు మిల్లీమీటర్ తరంగాలతో, అంటే ఒక జాతి రేడియో తరంగాలతో పనిచేస్తాయి. ఎక్స్-రేతో పనిచేసే పాత రకాన్ని ఐరోపా సమాఖ్య 2011లో అనుమతించరాదని నిర్ణయించగా, అమెరికా 2013లో తన విమానాశ్రయాల నుంచి తొలగించింది. ఈ కొత్త తరంగాలు మనిషికి హాని చేస్తాయన్న భయం కన్నా, పరికరం మీద వాటి ప్రభావాన్ని తయారీదారు పరీక్షించి చూశాడా లేదా అన్నదే ఇక్కడ ముఖ్యం. పరీక్షించని చోట పరికరం మార్గదర్శిక ‘వద్దు’ అనే చెబుతుంది, అలా చెప్పినప్పుడు దాన్ని పాటించడమే తెలివి.

ఒకరి పరికరానికి వర్తించే సలహా మరొకరి పరికరానికి వర్తించకపోవడం ఈ వ్యవహారంలో గందరగోళానికి మూలం. ట్యూబుతో నడిచే మెడ్‌ట్రానిక్ పంప్‌ల విషయంలో మెటల్ డిటెక్టర్ ఫరవాలేదని, బాడీ స్కానర్‌లోకి వెళ్లేముందు పంప్‌నూ సెన్సర్‌నూ తీసివేయాలని, సామాను ఎక్స్-రే యంత్రంలో వాటిని పెట్టవద్దని తయారీదారు చెబుతుండగా, ట్యూబు లేకుండా చర్మానికి అతికించే ఆమ్నిపాడ్ పంప్‌లు, అంటే పాడ్‌లు మాత్రం విమానాశ్రయపు ఎక్స్-రేలో నిశ్చింతగా పోవచ్చునని దాని తయారీదారు చెబుతున్నాడు. కాబట్టి తోటి ప్రయాణికుడు ‘నాకేమీ కాలేదు’ అన్న మాట మీద ఆధారపడటం కన్నా, మీ దగ్గర ఉన్న నమూనా పేరుతో మార్గదర్శికలోని ఆ ఒక్క పేజీని ముందుగానే ఫోనులో దాచుకోవడం మేలు. అభ్యంతరం వచ్చినప్పుడు సిబ్బందికి చూపడానికి కూడా అది పనికివస్తుంది.

మరి పంప్‌ను విప్పి పక్కన పెట్టి స్కానర్‌లోకి వెళితే సరిపోదా? ట్యూబు పంప్ ఉన్నవారికి అది సాధ్యమే, కొద్ది నిమిషాల విరామం వల్ల సాధారణంగా ముప్పు రాదు. కాని విప్పిన పంప్‌ను ట్రేలో పెడితే, అది నేరుగా వెళ్లేది వెళ్లకూడదన్న ఎక్స్-రే యంత్రంలోకే. సామానును నలువైపుల నుంచి చూసే సీటీ యంత్రాలు ఇప్పుడు ఒక్కొక్క విమానాశ్రయంలోకి వస్తున్నాయి. ద్రవాలను బయటికి తీసే బెడద కొన్నిచోట్ల వీటి వల్లే తగ్గింది గాని, అనేక కోణాల నుంచి ఎక్స్-రే తీసే ఈ యంత్రాల విషయంలో పంప్ ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇక వరుసలో ఆలస్యమైనకొద్దీ మరో సంగతి గుర్తుండాలి: పంప్‌లో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా తగ్గిపోయే ఇన్సులిన్ మాత్రమే, ఒంట్లో వేరే నిల్వ ఉండదు. అతికించిన పాడ్‌ను గాని సెన్సర్‌ను గాని ఒకసారి పీకితే తిరిగి అతికించడం కుదరదు. పాడ్‌లో మిగిలిన ఇన్సులిన్ కూడా వృథా అవుతుంది.

నా తీర్పు ఇది. మెటల్ డిటెక్టర్ ఉన్న చోట పంప్‌ను ఒంటిమీదే ఉంచుకుని అందులోంచి వెళ్లడం అన్నిటికన్నా మేలు. అది లేక స్కానర్ ఒక్కటే ఉన్నప్పుడు, మీ మార్గదర్శిక దానికి ఒప్పుకోకపోతే చేతి తనిఖీ అడగాలి. స్కానర్‌తో సమయం కలిసివస్తుందన్న వాదన పంప్ ఉన్నవారి విషయంలో అంతగా నిలవదు, ఎందుకంటే నడుము దగ్గర ఏదో ఉన్నట్టు తెర మీద గుర్తు పడగానే ఎలాగూ ఆపి తడిమి చూస్తారు. చేతి తనిఖీలో ఉన్న లోటు సమయం, కొంత బిడియం. పదిమందిలో వద్దనుకుంటే విడి గదిలో చేయమని అడగవచ్చు. పెన్‌లు, సిరంజిలు మాత్రమే వాడేవారికి ఈ గొడవ ఏదీ లేదు: ఇన్సులిన్ సామాను ఎక్స్-రేలో పోయినంత మాత్రాన చెడిపోదు, వారు ఏ ద్వారంలోనైనా నడవవచ్చు.

కాగితాల విషయానికి వస్తే, డాక్టర్ ఉత్తరం మేలా, ఫార్మసీ లేబుల్ ఉన్న అసలు పెట్టె మేలా అన్న ప్రశ్నకు నేను రెండవదాని వైపే మొగ్గుతాను. మందు పేరు, రోగి పేరు రెండూ లేబుల్ మీద ఉంటే సిబ్బందికి ఒక్క చూపులో విషయం తెలుస్తుంది. ఉత్తరం అవసరం ఇంకొక చోట వస్తుంది: సూదులు ఎందుకని అడిగినప్పుడు, పంప్‌ను స్కానర్‌లోకి పంపలేనని చెప్పవలసినప్పుడు, సరిహద్దు దాటి కస్టమ్స్ ముందు నిలబడినప్పుడు. అందులో పాస్‌పోర్టు మీద ఉన్న పేరే, అదే అక్షరక్రమంలో ఉండాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, పేర్లు కలవకపోతే ఎంత మంచి ఉత్తరమైనా మరో నాలుగు ప్రశ్నలకు తావిస్తుంది.

షుగర్ పడిపోయినప్పటి తీపికి గ్లూకోజ్ మాత్రలే మేలు. జ్యూస్ వైద్యావసరమని చెప్పి తీసుకువెళ్లే వీలు చాలాచోట్ల ఉన్నా, అది ద్రవమే, గ్లూకోజ్ జెల్ కూడా ద్రవం లెక్కలోకే వస్తుంది. రెండింటినీ చూపించాలి, వివరించాలి. మాత్రలు ఘనపదార్థం కాబట్టి ఎవరూ ఆపరు, వరుసలో నిలబడి కూడా నమలవచ్చు. అందుకే వాటిని బెల్టు మీదికి పోయే సంచిలో కాక జేబులో ఉంచుకోవాలి. చల్లదనానికి జెల్ ప్యాకా, నీటిలో నానబెట్టి వాడే సంచా అన్నది వాతావరణాన్ని బట్టి మారుతుంది. జెల్ ప్యాక్ సగం కరిగితే తనిఖీలో ప్రశ్న వస్తుంది, గట్టిగా గడ్డకట్టి ఇన్సులిన్‌కు తగులుతూ ఉంటే ఆ ఇన్సులిన్‌నే పాడుచేస్తుంది. నానబెట్టే సంచికి ఈ రెండు బాధలూ లేవు గాని, నీరు ఆవిరైతేనే అది చల్లబడుతుంది కనుక ఉక్కపోతలో దాని పని మందగిస్తుంది.

ఏ దారి ఎంచుకున్నా, ఆ మాటను సంచి బెల్టు మీదికి ఎక్కకముందే చెప్పాలి, ఎందుకంటే పంప్ ట్రేలో కదిలిపోయిన తరువాత దానిని వెనక్కి రప్పించడం కష్టం. చేతి తనిఖీలో సిబ్బంది పంప్‌ను మీ చేత్తోనే తాకమని చెప్పి, ఆపై మీ అరచేతులను పట్టీతో తుడిచి, పేలుడు పదార్థాల జాడ కోసం దానిని యంత్రంలో పరీక్షించవచ్చు. గ్లిజరిన్ ఉన్న కొన్ని చేతి లోషన్లకు ఆ యంత్రం తప్పుడు హెచ్చరిక ఇచ్చే అవకాశం ఉంది కాబట్టి, ఆ రోజు లోషన్‌ను తనిఖీ దాటాకే రాసుకోవడం మంచిది.