మొదటి మనిషి: ఉద్యోగిగానా, కాంట్రాక్టు మీదా?

మీ చిన్న వ్యాపారంలోకి మొదటిసారి ఒకరిని పనికి తీసుకుంటున్నారా? జీతం ఎంత అన్నది తర్వాత. వచ్చే మనిషిని ఏ లెక్కలో తీసుకుంటున్నారో ముందు తేల్చుకోండి.

కాంట్రాక్టు తేలిక. పని, గడువు, డబ్బు రాసుకుంటారు. బిల్లు వస్తే కడతారు. పన్ను బాధ్యత చాలావరకు అవతలివాళ్లదే.

ఉద్యోగి అయితే మొదటి జీతానికి ముందే తతంగం మొదలు: యజమానిగా పన్ను శాఖలో నమోదు, మీకు వర్తిస్తే సామాజిక భద్రత చందా (పింఛను, వైద్యం లాంటి వాటికి కట్టేది), పనిలో ప్రమాదాలకు బీమా, ఆపైన నియామక పత్రం. ఇవన్నీ ఒక ఎత్తు, నెలనెలా జీతంలోంచి పన్ను మినహాయించి గడువులోగా జమ చేయడం ఒక ఎత్తు. ఆ డబ్బు మీది కాదు. ఖాతాలో కనబడుతోంది కదా అని అద్దెకు వాడేస్తే వడ్డీ, జరిమానా రెండూ మీద పడతాయి. నేనైతే దానికి వేరే ఖాతా పెడతాను.

ఈ టెన్షన్ ఎందుకులే అని ఉద్యోగినే కాంట్రాక్టరని రాసుకుంటే కుదరదు. అధికారులు కాగితం మీద పేరు కన్నా పని జరిగే తీరే చూస్తారు. రోజూ తొమ్మిదింటికి రావాలి, ల్యాప్‌టాప్ మీది, సెలవుకు మీ అనుమతి, ఇంకెవరికీ పని చేయకూడదు అంటే ఆ మనిషి దాదాపు ఉద్యోగే. తనిఖీలో తేలితే పాత బకాయిలూ మీ నెత్తినే.

వెబ్‌సైటు లాంటి ఒకసారి పనికి కాంట్రాక్టు చాలు. రోజూ కౌంటర్లో కూర్చునే మనిషిని మాత్రం ఉద్యోగిగానే తీసుకోండి.