పానిగాలే వీ2 నాలుగేళ్ళ తర్వాత: నా ఓటు బ్రేకుకే

ఈ డుకాటీ బైకు చూసి ఎవరు ఆగినా ముందు స్పీడెంత అని అడుగుతారు. తర్వాత మైలేజీ, ఆ తర్వాత రేటు. పెట్రోలు బంకులో, మంగళగిరి టీ కొట్టు దగ్గర, మా కోల్డ్ స్టోరేజీకి మిర్చి టిక్కీలు తోలే లారీ డ్రైవర్ల నోట, నాలుగేళ్ళుగా ఇవే మూడు ప్రశ్నలు. బ్రేకు ఎలా పడుతుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నాకు చెప్పాలని ఉన్నది మాత్రం దాని గురించే.

2021లో కొన్నాను. 955 సీసీ పానిగాలే వీ2, ఎరుపు. మీటర్ ఇప్పుడు 21 వేల కిలోమీటర్లు దాటింది. ఇంజన్ లెక్కలు, పికప్పు, ఆ సౌండు, అన్నీ అందరూ రాసినవే, మళ్ళీ రాయను. వెనక సిలిండర్ సరిగ్గా సీటు కింద ఉంటుంది కాబట్టి తొడలకు వేడి తగులుతుందన్నదీ తెలిసిన సంగతే. గుంటూరు ఎండల్లో పొద్దున తొమ్మిది దాటితే నేను బండి బయటికి తీయను, అంతే.

బ్రేకు దగ్గరికి వస్తా. ముందు చక్రానికి 320 మిల్లీమీటర్ల డిస్కులు రెండు. వాటిని పట్టేవి బ్రెంబో కంపెనీ ఎం4.32 క్యాలిపర్లు. ఒక్కో క్యాలిపర్‌లో నాలుగు పిస్టన్లు, ఒక్కో పిస్టన్ 32 మిల్లీమీటర్లు. మామూలుగా ఇలాంటి క్యాలిపర్‌ని రెండు ముక్కలుగా చేసి బోల్టులతో బిగిస్తారు. ఇది మోనోబ్లాక్, అంటే అల్యూమినియంతో ఒకే ముక్కగా చేసింది. గట్టిగా నొక్కినా అంత తేలిగ్గా విచ్చుకోదు. అందువల్ల లివర్ మీద వేలు ఎంత బలం పెడితే టైరు దగ్గర అంతే పడుతుంది. కొనకముందు ఇదంతా చదివాను గానీ తలకెక్కలేదు. కొన్నాక మొదటి వారంలోనే వేలికి తెలిసింది. అంతకుముందు తోలిన బండిని ఆపాలంటే నాలుగు వేళ్ళతో పిండేవాణ్ణి. దీనికి చూపుడువేలూ మధ్యవేలూ చాలు. ఎదురుగా స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే లివర్‌ని కాస్త తాకుతాను, ముందు ఫోర్కు మెల్లగా దిగుతుంది, టైరు రోడ్డుని అదుముకోవడం అరచేతిలోకి వచ్చేస్తుంది. ఆ క్షణం కోసం అవసరం లేకపోయినా బ్రేకు పట్టిన రోజులున్నాయి.

దీనికి తోడు కార్నరింగ్ ఏబీఎస్. ఏబీఎస్ అంటే బ్రేకు గట్టిగా కొట్టినా చక్రం పట్టేయకుండా వదులుతూ పడుతూ ఉండేది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది, కాబట్టి ఏబీఎస్ అనగానే అందరికీ ఒకటే అనిపిస్తుంది. మామూలు ఏబీఎస్‌కి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో మాత్రమే తెలుసు. బండి నిటారుగా ఉందో, మలుపులో వాలి ఉందో దానికి తెలియదు. పానిగాలేలో బాష్ సెన్సర్ ఒకటి బండి ఎంత వాలింది, ముందుకు ఎంత వంగింది అన్నది కనిపెడుతూ ఉంటుంది. వాలి ఉన్నప్పుడు టైరుకి పట్టు తక్కువ మిగులుతుంది కాబట్టి బ్రేకు కూడా అంతకు తగ్గట్టే ఇస్తుంది. మా వైపు రోడ్లకి మలుపులు తక్కువ. విజయవాడ హైవే గీత గీసినట్టు ఉంటుంది. ఇది నాకెందుకు పనికొస్తుందిలే అనుకున్నాను. పనికొచ్చిన రోజు చెప్తాను.

2022 ఏప్రిల్, ఆదివారం. తెల్లవారుజామున కొండవీడు ఘాట్ ఎక్కి, కోట దగ్గర అరగంట కూర్చుని దిగాను. ఘాట్ అంతా నెమ్మదిగానే వచ్చి, కింద ఫిరంగిపురం వైపు రోడ్డు బాగుండేసరికి కాస్త తీశాను, 70 ఉంటుందేమో. ఒక ఊరి చివర ఎడమ మలుపు. పక్కనంతా సర్కారు తుమ్మ, అవతల ఏముందో కనపడదు. బండి వాల్చి లోపలికి వెళ్ళాక కనిపించింది, రోడ్డు సగం మేర పసుప్పచ్చగా మొక్కజొన్న. ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి పెట్టారు. కుడివైపు మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టరు.

వాలి ఉన్న బండికి ముందు బ్రేకు కొట్టకూడదని పదహారేళ్ళప్పటి నుంచి వింటున్న మాట. కొడితే చక్రం పట్టేసి జారుతుంది, లేదా బండి నిటారుగా లేచి నేరుగా పోతుంది. ఆ మాట నాకు గుర్తు రాలేదు. రెండు వేళ్ళూ లివర్‌ని పిండేశాయి. లివర్ వేళ్ళ కింద చిన్నగా కొట్టుకుంది, నాడి చూసినట్టు, రెండో మూడో సార్లు. బండి లేవలేదు, జారలేదు. నేను పెట్టిన గీత మీదే ఉండి వేగం మాత్రం తగ్గించుకుంటూ పోయింది. ఆగేసరికి ముందు చక్రానికీ మొదటి రాయికీ మధ్య బారెడు దూరం. ట్రాక్టరు వెళ్ళిపోయింది. గింజలు తిరగేస్తున్న పెద్దాయన కర్ర ఆపి నా వంక చూసి, "మెల్లగా రా నాయనా, ఈ గింజల మీద ఎద్దు కూడా జారుద్ది" అన్నాడు. నా మోకాళ్ళు వణుకుతున్నాయి. సైడ్ స్టాండ్ వేసి, ఆయన గట్టున కాసేపు కూర్చుని వచ్చాను.

ఆ తర్వాత ఏడాదంతా కలిసిన ప్రతివాడికీ ఈ కథ చెప్పాను. ఈ బ్రేకు ఉంటే ఏ రోడ్డు మీదైనా భయం లేదని చెప్పాను. ఆ చివరి మాట చెప్పకుండా ఉండాల్సింది. ఆ రోజు నేను బ్రేకు వేసింది శుభ్రమైన తారు మీద. మరుసటి సీజన్లో నరసరావుపేట రోడ్డు మీద ఒకసారి గింజల మీదికే వెళ్ళాను, నడిచే మనిషి కంటే కొంచెం ఎక్కువ వేగంలో. బ్రేకు పడితే ఏబీఎస్ వదులుతోంది, పడుతోంది, వదులుతోంది, బండి మాత్రం ముందుకే పోతోంది. రెండు కాళ్ళూ నేలకు ఆనించి ఎలాగో ఆపాను. టైరు కింద పట్టే లేనప్పుడు ఎంత మంచి క్యాలిపర్ అయినా ఏం చేస్తుంది.

ఇంకోటి, ఇది పూర్తిగా నా తప్పు. మూడో వేసవిలో ఘాట్ దిగుతుంటే లివర్ మునుపటి కంటే లోపలికి వస్తున్నట్టు అనిపించింది, మెత్తగా. హ్యాండిల్ దగ్గరి డబ్బాలో చూస్తే బ్రేక్ ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. ఈ ఆయిల్ గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది. చెమ్మ చేరితే వేడికి త్వరగా మరుగుతుంది, బుడగ పుడితే లివర్ మెత్తబడుతుంది. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకోసారి మార్చాలి. నేనేమో తిరిగిన కిలోమీటర్లే లెక్కేసుకుంటూ కూర్చున్నాను. కృష్ణ ఒడ్డున, సముద్రానికి ఇంత దగ్గర ఉండేవాళ్ళు కిలోమీటర్లు పక్కన పెట్టి తారీకు చూసుకోవాలి. కొత్త ఆయిల్ పోసి గాలి తీయించాక లివర్ మళ్ళీ మొదటి రోజులా అయింది.

ఇక అసలు సంగతి, పోయిన ఏడాది జరిగింది.

మిర్చి సీజన్ అంటే మాకు ఫిబ్రవరి నుంచి ఊపిరి ఆడదు. బండిని కోల్డ్ స్టోరేజీ ఆవరణలో గోనెసంచులు పెట్టే గదిలో కవర్ కప్పి వదిలేశాను. అయిదు వారాలు ముట్టుకోలేదు. పటమటలో మా అక్కావాళ్ళ గృహప్రవేశం రోజు పొద్దున్నే తీశాను. బ్యాటరీకి చార్జర్ తగిలించి ఉంచాను కాబట్టి ఒక్క నొక్కుకే స్టార్టయింది. బండి కదిలి కొంచెం వేగం అందుకోగానే ఏబీఎస్ దీపం ఆరిపోవాలి. ఆరలేదు. దాని పక్కనే ట్రాక్షన్ కంట్రోల్ (పికప్పుకి వెనక చక్రం జారకుండా చూసేది) దీపం కూడా వెలిగింది. వెనక్కి తిప్పి కారులో వెళ్ళాల్సింది. ముహూర్తం దగ్గర పడుతోందని అలాగే వెళ్ళాను.

ఆ 35 కిలోమీటర్లు నేను తోలింది వేరే బండి. క్యాలిపర్లు అవే, డిస్కులు అవే, లివర్ అదే. కాజ టోల్ గేటు దాటేవరకు హైవే ఖాళీగా ఉంది కాబట్టి ఏమీ అనిపించలేదు. తాడేపల్లి దగ్గర ముందు పోతున్న ఆటో మనుషుల కోసం ఉన్నట్టుండి ఆగింది. అలవాటు కొద్దీ రెండు వేళ్ళు పిండాను. ముందు టైరు కీచుమంది, హ్యాండిల్ చేతిలో ఒక్కసారి తేలికైపోయింది. వేళ్ళు వదిలి మళ్ళీ పట్టాను, ఆటోకి పక్కగా ఆగాను. మూడేళ్ళుగా నాకు తెలియకుండా ఎన్నిసార్లు ఆ కీచును బండే మింగేసిందో అప్పుడు తెలిసింది. అక్కడి నుంచి వారధి దాటి పటమట చేరేదాకా లివర్‌ని కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

భోజనాలయ్యాక హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. చూడకుండా చెప్పలేం, బండి తీసుకురండి అన్నారు. వాళ్ళు చెప్పింది సబబే. కానీ 270 కిలోమీటర్లు లారీలో ఎక్కించి పంపాలి. మా బావ వింటున్నాడు. "పక్కనే ఆటోనగర్ పెట్టుకుని హైదరాబాద్ ఏంటి బావా, పద" అన్నాడు.

లారీల వైరింగ్ చేసే మేస్త్రీ. అరవై దాటి ఉంటాయి. కొట్టు నిండా టెయిల్ లైట్లు, హారన్లు, రంగురంగుల వైరు చుట్టలు. బండిని కొత్తవాణ్ణి చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు.

"ఎక్కడిది బాబూ ఇది?"

"ఇటలీది మేస్త్రీ గారూ. మీకు అలవాటు లేకపోతే..."

"ఎక్కడిదైతే ఏంలే, వైర్లలో పారేది కరెంటేగా."

పీట వేసుకుని వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. టార్చి వేసి, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ వెంట వేలితో వైరు తడుముతూ పోయి ఒకచోట ఆగాడు. "ఇదిగో, పంటి గాటు." వెనక చక్రం వేగం చెప్పే సెన్సర్ వైరు అది. పైతొడుగు కొరికేసి, లోపలి రెండు సన్న వైర్లలో ఒకటి పూర్తిగా తెగింది, రెండోది ఒక్క పోగు మీద వేలాడుతోంది. ఇంకా కింద చెయ్యి పెట్టి గుప్పెడు గోనె పీచు బయటికి లాగాడు. ఎలక గూడు కట్టడం మొదలుపెట్టింది.

ఆయన అతికిన తీరు నేను మర్చిపోలేను. రెండు వైర్లనీ ఒకే చోట అతకలేదు. ఒకదాన్ని పైన, ఇంకోదాన్ని రెండంగుళాలు కింద కత్తిరించి అతికాడు. "రెండు అతుకులూ ఒకచోటే పడితే లావవుద్ది. లావైన చోట ఊగి ఊగి మళ్ళీ తెగుద్ది" అన్నాడు. సోల్డరింగ్ చేసి, ఒక్కోదానికి విడివిడిగా స్లీవ్ ఎక్కించి వేడి చూపించాడు. మళ్ళీ రెండూ కలిపి పైన ఇంకో స్లీవ్. మీటర్ పెట్టి చూశాడు. తర్వాత స్వింగ్ ఆర్మ్ పైకీ కిందికీ ఊగుతుంటే వైరు లాగకుండా ఉందో లేదో నన్ను సీటు మీద కూర్చోబెట్టి నాలుగుసార్లు కుదిపించాడు. మొత్తం నలభై నిమిషాలు. 350 రూపాయలు అడిగాడు. అయిదొందల నోటు ఇచ్చి ఉంచమంటే వినలేదు, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. "గోనెసంచుల్లో పెట్టబాక. కలరా ఉండలు వెయ్యి" అన్నాడు.

100 అడుగుల రోడ్డెక్కి కాస్త ముందుకు వెళ్ళేసరికి రెండు దీపాలూ ఆరిపోయాయి. ఆ తర్వాత ఏడు నెలలకు హైదరాబాద్ సర్వీస్‌లో ఆ అతుకు చూపించాను. గట్టిగానే ఉంది, కదిలించొద్దు అన్నారు. ఇప్పటికీ అదే ఉంది.

కొనమంటారా అని అడిగేవాళ్ళకు నా పరిస్థితి చెప్పి వదిలేస్తాను. నేను ఆదివారాలు, అదీ పొద్దున పూట తోలేవాణ్ణి. ఇంట్లో కారుంది, ఆటోనగర్ తెలిసిన బావ ఉన్నాడు, అప్పు తీరిపోయింది. రోజూ బెంజ్ సర్కిల్ మీదుగా ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకైతే వద్దంటాను. ఇప్పుడు 890 సీసీతో కొత్త వీ2 వచ్చింది, 120 హార్స్‌పవర్, బరువూ తక్కువ, స్ప్రింగులు లేకుండా మూసుకునే పాత డెస్మో వాల్వులు లేవు. నేను తోలలేదు. మా రోడ్లకు అదే ఎక్కువ నప్పుతుందేమో. నా బండికి 24 వేల దగ్గర డెస్మో సర్వీస్ ఉంది, వాల్వుల గ్యాపులు చూడాలి, పెద్ద ఖర్చు. ఆ బిల్లు కట్టాక నా మాట మారొచ్చు. బ్రేకు విషయంలో మాత్రం మారదనే అనుకుంటున్నాను.

మొన్న ఆదివారం మళ్ళీ కొండవీడు వెళ్ళాను. ఆ ఊరి చివర మలుపులోకి ఇప్పుడు నలభైలోనే వస్తాను, గింజలు ఉన్నా లేకపోయినా. పెద్దాయన గట్టు మీద ఉంటే చెయ్యెత్తుతాడు.